నల్లదీపం గది

లోపలికి రాగానే ముందు పళ్లు దాచుకో.
ఈ దీపం కింద నవ్వితే నీలంగా మెరుస్తాయి,
పక్కవాళ్ల చూపు చెదిరిపోతుంది.
తలగుడ్డ సబ్బుపొడితో ఉతికిందైతే విప్పెయ్,
అదీ వెలుగుతుంది.

ఐదీన్ కొండల కింద, ఎండు అంజీర గిడ్డంగిలో
పంతొమ్మిది కాపులు ఇలా చీకట్లో కూర్చున్నాను.
బెల్టు మీద పళ్లు పోతుంటాయి, చప్పిడి మొహాలేసుకుని.
ఎప్పుడో ఒకటి
ఆకుపచ్చా పసుపూ కలిసి మిణుకుమంటుంది,
తడిగడ్డిలో మిణుగురు నిద్రపోతున్నట్టు.
దాన్ని ఏరి ఎర్రబుట్టలో పడెయ్యడం నా పని.

నా పేరు యెతెర్.
మా టర్కీ మాటలో ‘చాలు’ అని.
నాలుగో ఆడపిల్ల పుట్టినప్పుడు
మా నాన్న దేవుడితో అన్నమాట అది.
దేవుడు వినలేదు. ఐదోదానికి ‘మళ్లింది’ అని పెట్టారు, దోందూ.
అదీ ఇక్కడే, బెల్టుకి అవతలి పక్క.

మొన్న ఇజ్మీర్ నించి నిల్‌హాన్ అనే పిల్ల వచ్చింది
సబ్బుపెట్టెంత యంత్రం పట్టుకుని.
అందులో బంగారు పూత పూసిన ముక్క,
దాని మీద కంటికానని దారప్పోగులు.
విషం తగిలితే పోగు ముడుచుకుంటుందట,
అత్తిపత్తి ఆకులా.
ముడుచుకున్న సంగతి కరెంటుకి తెలుస్తుందట,
కరెంటు అంకెకి చెబుతుందట.

“మరి మా మిణుగురో?” అన్నాను.
“ఆ వెలుగు విషం కాదక్కా.
విషం చేసే బూజే ఇంకోటీ చేస్తుంది, మెరిసేది అదీ.
చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి.
అన్నిసార్లూ కాదు.”

అన్నిసార్లూ కాదు.
పళ్ల సందున ఇరుక్కున్న అంజీర గింజలా
రాత్రంతా ఆ మాటని నాలుకతో కెలికాను.

మర్నాడు రుమాల్లో నాలుగు పళ్లు కట్టి తెచ్చాను.
మా పెరటి చెట్టువి.
మిద్దె మీద రెల్లుచాప పరిచి నేనే ఎండబెట్టినవి.
మనవడు ఓర్చున్ బడికి జేబులో వేసుకుపోయేవి.
ముందు నా దీపం కింద పెట్టాను.
బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి నాలుగూ.
ఒక్కటీ మెరవలేదు.
చూశావా, అన్నాను.

నిల్‌హాన్ నలిపింది, ఏదో ఘాటునీళ్లలో గిలకొట్టింది, వడగట్టింది,
బంగారం మీద ఒక్క చుక్క వదిలింది.
పన్నెండు నిమిషాలాగాలంది.

పన్నెండు నిమిషాల్లో నా ముందు నించి ఎన్ని వేల పళ్లు పోతాయో.
ఆరోజు చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను.
ఆగస్టు చివర్లో పడ్డ వాన గుర్తొచ్చింది.
చాపల మీద రెండు గుడ్డలు కప్పాను, ఒకటి చిరుగుది.
ఓర్చున్ ఎందుకు ఎదగడం లేదో
డాక్టరు చెప్పలేకపోవడం గుర్తొచ్చింది.
దీనికీ దానికీ ముడి ఉందని ఎవరూ అనలేదు.
నేనే వేసుకున్నాను ఆ ముడి. ఖాళీ చేతులు ఏదో ఒకటి వేస్తాయి.

అంకె పడింది. ఇరవై రెండు.
“హద్దెంత?”
“పది.”
పది దగ్గర చాలు అంటారన్నమాట. నా పేరు పది.
“అది ఓడెక్కే పళ్లకి కదా. ఎక్కనివాటికి?”
“ఇక్కడి చట్టంలోనూ అదే పదక్కా.”
“చట్టం పట్టుకుని మా మిద్దె మీదికి ఎవరెక్కారు?”
ఆమె గాజుగొట్టం మూత బిగించింది.
బిగించిందే మళ్లీ బిగించింది.

ఇంటికెళ్లి కూజా అంతా పొయ్యిలో గుమ్మరించాను.
మేకకి వెయ్యలేదు, దాని పాలు తాగేది మేమే.
వీధంతా మాడిన చక్కెర కమ్మదనం.
పండగేమో అని పక్కింటి సత్యే తొంగి చూసింది.
ఓర్చున్ గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు,
నేను చెప్పిందేదీ వాడికి తియ్యగా లేదు.

మళ్లీ అదే చీకటి, అదే బెల్టు.
మెరిసింది తీస్తాను.
మెరవనిదాన్ని కూడా
చివరి దాకా చూస్తాను, చూపు ఆనినంత మేర.
యంత్రం ఇజ్మీర్ వెళ్లిపోయింది. గురువారం తెస్తానంది నిల్‌హాన్.
దోందూ ఇవాళే తన కూజా తెచ్చేసింది.
ఒళ్లో పెట్టుకుని కూచుంది,
మూత మీద చెయ్యి
తియ్యకుండా.